పాత 28 అంగుళాల సైకిలును ఆఫీసు బండిగా మార్చుకోవడం ఎలా

రాడ్డు బ్రేకుల నల్ల సైకిలు ఇప్పటికీ పాత సామాన్ల కొట్లలోనూ, సైకిల్ రిపేరు షాపుల వెనకాలా తేలిగ్గానే దొరుకుతుంది. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, ర్యాలీ... పేరు ఏదైనా లోపలి కొలతలు దాదాపు ఒకటే. అందుకే ఏ చిన్న ఊళ్లోనైనా దీని సామాను దొరుకుతుంది, ఏ మెకానిక్ అయినా దీని మీద చెయ్యి వేయగలడు. రోజూ ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లకు దీన్ని మించిన పునాది లేదు.

ఈ బండి గురించి అందరూ చెప్పే మాట ఒకటే, బరువని. నిజమే, 20 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కానీ తొక్కుడు భారంగా ఉండడానికి ఆ బరువు అసలు కారణం కాదు. 70 కిలోల మనిషి ఎక్కితే మొత్తం 90 కిలోలు. తంటాలు పడి బండి మీద మూడు కిలోలు తగ్గించినా కలిసొచ్చేది మూడు శాతమే. అదే వెనక ఫ్రీవీలును (వెనక చక్రానికి బిగించే పళ్ల చక్రాన్ని) 18 పళ్ల నుంచి 22 పళ్లకు మారిస్తే పెడలు మీద పెట్టాల్సిన బలం 18 శాతం తగ్గుతుంది. ఎండిపోయిన బేరింగులు, మరీ కిందికి దించిన సీటు, గాలి తక్కువైన టైర్లు మిగతా ఆయాసానికి కారణం. కాబట్టి డబ్బు పెట్టే వరస ఇదీ: మొదట బేరింగులు, తర్వాత గేరు, తర్వాత ముందు బ్రేకు. పెయింటూ స్టిక్కర్లూ అన్నిటికన్నా చివర.

ఫ్రేము చూసి కొనడం

తుప్పు చూసి భయపడకండి, వంకర చూసి భయపడండి. పైపైన పట్టిన తుప్పు ఉప్పు కాగితంతో పోతుంది. వంగిన ఫ్రేము మాత్రం చక్రాన్ని ఎప్పటికీ సూటిగా నిలవనివ్వదు.

పరీక్షకు మూడు మీటర్ల పురికొస చాలు. వెనక చక్రం కూర్చునే ఒక కొస దగ్గర దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం (హ్యాండిల్ కాడ దిగే ఫ్రేము గొట్టం) చుట్టూ తిప్పి, రెండో వైపు కొసకు బిగించి కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. తేడా మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు. అంతకు మించితే వేరే బండి చూసుకోండి.

తర్వాత పక్క నుంచి ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కడ్డీలను చూడండి. హ్యాండిల్ గొట్టం వాలు ఏ గీత మీద ఉందో ఫోర్కు పై సగం కూడా అదే గీత మీద సాగాలి. ఆ గీత నుంచి వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తే బండి ఎక్కడో గుద్దుకుందని అర్థం. హ్యాండిల్ గొట్టానికి పై గొట్టమూ కింది గొట్టమూ కలిసే అతుకుల వెనక వేలు పెట్టి తడమండి. పెయింటు ముడతలు పడి ఉన్నా, సన్నటి గీతలాంటి తుప్పు చార కనిపించినా ఆ ఫ్రేము వద్దు. వెల్డింగు పెట్టించి వాడదామనుకోవద్దు. ఆ చోటు తెగితే ముందు చక్రం విడిపోయి మనిషి మొహం మీద పడతాడు.

సైజు విషయంలో చూసేదల్లా పై గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి, చెప్పులతో నేల మీద నిలబడినప్పుడు కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉందా అన్నదే. చీర, చుడీదార్లతో తొక్కేవాళ్లకు పై గొట్టం లేని లేడీస్ ఫ్రేము బాగుంటుంది. దానికి పూర్తి చైన్ కవరుతో పాటు వెనక చక్రానికి బట్టలు చుట్టుకోకుండా జాలీ కూడా తప్పనిసరి.

విప్పడం, బేరింగులు నింపడం

రెండు చక్రాలూ, క్రాంకులూ (పెడళ్లు బిగించే కడ్డీలు), హ్యాండిలూ, ఫోర్కూ అన్నీ విప్పేయండి. విప్పుతున్నప్పుడు ప్రతి నట్టు, వాషరు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఒక తీగకు గుచ్చి పెట్టుకోండి. పాత బేరింగు గోళీలు మళ్లీ వాడొద్దు. అరిగిన గోళీ ఒక్కటి కొత్తవాటితో కలిసినా కోను (గోళీలను కప్పుకు ఆనించి పట్టే నట్టు) మీద గుంటలు పడతాయి. కొనాల్సిన లెక్క ఇదీ:

ముందు హబ్బు (చక్రం మధ్య భాగం): 3/16 అంగుళం గోళీలు, ఒక్కో వైపు 10, మొత్తం 20
వెనక హబ్బు: 1/4 అంగుళం, ఒక్కో వైపు 9, మొత్తం 18
క్రాంకు ఇరుసు (షాపులో బీబీ యాక్సిల్ అంటారు): 1/4 అంగుళం, ఒక్కో వైపు 11, మొత్తం 22

హ్యాండిల్ కప్పుల గోళీలు మాత్రం బండికో రకంగా ఉంటాయి. పాతది ఒకటి జేబులో వేసుకెళ్లి సరిపోల్చి తీసుకోండి. పోయేవి పోతాయి కాబట్టి ప్రతి సైజులో నాలుగైదు ఎక్కువే కొనండి.

కప్పు నిండా గోళీలు ఇరికించకూడదు. వరస పూర్తయ్యాక సగం గోళీ పట్టేంత ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ లేకపోతే గోళీలు ఒకదాన్నొకటి రాసుకుని తొందరగా అరుగుతాయి. మరో గోళీ పట్టేంత ఖాళీ ఉందంటే ఒకటి తక్కువ వేశారన్నమాట.

కప్పులూ కోన్లూ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. గోళీ నడిచే దారి నున్నగా మెరుస్తూ ఉంటే మంచిది. చిన్న చిన్న గుంటలు కనిపిస్తే కోను మార్చేయండి, అది చవకే. కప్పులో గుంటలుంటే హబ్బే మార్చాల్సి వస్తుంది. గ్రీజు విషయంలో పిసినారితనం వద్దు. కార్ల వీల్ బేరింగులకు వాడే లిథియం గ్రీజు కప్పులో సగానికి నింపి, గోళీలను అందులో ఒక్కొక్కటే పొదిగి, పైన ఇంకో పొర రాయండి. మిషన్ ఆయిలు బేరింగులో పోయొద్దు. ఉన్న గ్రీజును కూడా కరిగించి బయటికి తెచ్చేస్తుంది.

కోను బిగింపులోనే పనితనమంతా ఉంది. వేలితో కోనును ఆనేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి, లాకునట్టు బిగించండి. లాకునట్టు బిగుస్తున్నప్పుడు కోను కూడా కొంచెం లోపలికి జరుగుతుంది. ఆ పావు చుట్టు దాని కోసమే. చక్రాన్ని ఫ్రేములో బిగించాక రిమ్మును పట్టుకుని అటూ ఇటూ ఊపితే కటకట ఆడకూడదు. ఇప్పుడు వాల్వును గడియారంలో మూడు గంటల ముల్లు చోట నిలిపి చెయ్యి వదిలేయండి. చక్రం దానంతటదే కదిలి, బరువున్న వైపు కిందికొచ్చి, నాలుగైదు సార్లు అటూ ఇటూ ఊగి ఆగాలి. పెట్టిన చోటే ఆగిపోతే కోను బిగుసుకుంది.

బీబీ దగ్గర ఒక జాగ్రత్త ఉంది. చైన్ వీలు ఉన్న కుడి వైపు కప్పు ఎడమ మర, అంటే విప్పడానికి కుడికి తిప్పాలి. ఈ సంగతి తెలియక బలవంతంగా తిప్పి మరలు తెంపేసిన ఫ్రేములు బోలెడు. ఆ కప్పు నున్నగా ఉంటే విప్పకుండా అక్కడే గుడ్డతో తుడిచి వాడుకోవచ్చు. ఎడమ పెడలు కూడా ఎడమ మరే.

కాటర్ పిన్ను

క్రాంకును ఇరుసుకు బిగించి పట్టే పిన్ను ఇది. ఈ సైకిళ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే. తొక్కుతుంటే చుట్టుకొకసారి "కట్" మని శబ్దం, పెడలు ఒక చోట కొంచెం జారినట్టు అనిపించడం... ఇవి వదులైన కాటరు లక్షణాలు. అలాగే తొక్కుతూ పోతే ఇరుసు మీద చెక్కిన చదును గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత మంచి పిన్ను వేసినా నిలవదు.

తీసేటప్పుడు నట్టును మర కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేయండి, పూర్తిగా తీయకండి. క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క నేలకు ఆనేలా నిలబెట్టండి, పిన్ను తల ఆ గొట్టం లోపలికి దిగాలి. ఈ ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా బీబీ గోళీల మీద పడి కప్పులకు గుంటలు పడతాయి. చిన్న చిన్న దెబ్బలు పది వేయడం కన్నా బరువైన సుత్తితో ఒక్కటి సూటిగా వేయడం మేలు. చిన్న దెబ్బలకు పిన్ను కొస చదునై ఇరుక్కుపోతుంది.

కొత్త పిన్ను కొనడానికి పాతది తీసుకెళ్లండి, లావులో తేడాలుంటాయి. కొత్తదాని చదును ముఖం చాలాసార్లు సరిగ్గా ఉండదు. దాన్ని ఇరుసు గాడికి ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ సందు ఉందో కనిపిస్తుంది. సన్న ఆకురాయితో, చదును ముఖం ఏటవాలు చెడకుండా, రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ పెట్టి చూడండి. సుత్తితో గట్టిగా దిగ్గొట్టాక వాషరూ నట్టూ పూర్తిగా పట్టేంత మర బయటికి రావాలి. తక్కువ వస్తే ఇంకాస్త రుద్దాలి. పిన్ను తలదాకా లోపలికి దిగిపోతే ఎక్కువ రుద్దేశారు, ఇంకోటి తీసుకోండి. అందుకే కొనేటప్పుడే రెండు జతలు కొనాలి.

రెండు పిన్నులూ ఒకే పద్ధతిలో ఉండాలి. కుడి క్రాంకును ముందుకు చాపినప్పుడు దాని నట్టు పైకి ఉంటే, ఎడమ క్రాంకు ముందుకు వచ్చినప్పుడు దాని నట్టు కూడా పైకే ఉండాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ వేస్తే రెండు క్రాంకులూ ఒకే గీత మీద నిలవవు, కొద్దిగా వంకరగా తిరుగుతాయి, మోకాలికి తెలిసిపోతుంది. ఇంకో మాట: పిన్నును లోపలికి దించాల్సింది సుత్తి. నట్టుతో లాగి దించాలని చూస్తే మర తెగుతుంది. నట్టు పని దిగినదాన్ని నిలిపి ఉంచడమే. పిన్నుకు గ్రీజు రాయకండి. కొత్త పిన్ను వేశాక మొదటి 50 కిలోమీటర్లకు ఒకసారి మళ్లీ ఒక దెబ్బ వేసి నట్టు బిగించాలి. ఈ రెండో బిగింపు మర్చిపోవడం వల్లే మంచి పిన్నులు కూడా పాడవుతుంటాయి.

గేరు మార్చడం

ఈ బండ్లకు ఎక్కువగా ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటాయి. మీ బండికి ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే లెక్క ఇలా వస్తుంది:

వెనక 18 పళ్లు: గంటకు 19 కిలోమీటర్లు
వెనక 20 పళ్లు: గంటకు 17 పైచిలుకు
వెనక 22 పళ్లు: గంటకు దాదాపు 16

సిగ్నళ్లు, స్పీడు బ్రేకర్లు, గుంతలు ఉన్న ఊరి రోడ్డు మీద 19తో సాగే అవకాశం ఎటూ రాదు. ప్రతి సిగ్నలు దగ్గరా నిలబడి మళ్లీ కదలాలి కదా, అక్కడ 18 పళ్లు మోకాళ్లను తినేస్తాయి. విజయవాడ, రాజమండ్రి, కాకినాడ లాంటి చదును ఊళ్లలో 20 సరిపోతుంది. హైదరాబాదులో, విశాఖలో, ఫ్లైఓవర్లు ఎక్కాల్సిన ఎక్కడైనా 22 వేయండి. ముందువైపు చైన్ వీలు మార్చాలంటే క్రాంకుతో సహా మార్చాలి కాబట్టి వెనకదాన్ని మార్చడమే చవక, తేలిక.

ఫ్రీవీలు తీయడానికి దాని గాట్లలో సరిగ్గా కూర్చునే రిమూవరు కావాలి. రిమూవరును ఇరుసు నట్టుతో అదిమి బిగించి, బెంచి వైస్‌లో పట్టించి, చక్రాన్నే ఎడమకు తిప్పండి. తొక్కిన ప్రతిసారీ బిగుసుకుంటూ వచ్చింది కాబట్టి మొదటి కదలిక మొండిగా ఉంటుంది. అది వదలగానే ఇరుసు నట్టును కొంచెం వదులు చేయాలి, లేకపోతే ఇరుసు మర దెబ్బతింటుంది. కొత్తది ఎక్కించే ముందు హబ్బు మరకు గ్రీజు రాయండి. రాయకపోతే ఇంకో ఐదేళ్లకు దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు.

నాలుగు పళ్లు పెరిగితే చైను రెండు లింకుల మేర ఎక్కువ చుట్టుకుంటుంది. చైను పొడవు అలాగే ఉంచితే వెనక చక్రం సుమారు 13 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. ఫ్రేము గాడిలో అంత చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే చైనుకు ఒక జత లింకులు కలపాలి. చక్రం ముందుకు జరిగితే వెనక బ్రేకు రబ్బర్లూ, మడ్‌గార్డూ మళ్లీ సర్దాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. చైన్ కవరు లోపలి అంచుకు పెద్ద ఫ్రీవీలు తగులుతుందేమో కూడా చూడాలి. తగిలితే కవరు పట్టీల కింద ఒక్కో వాషరు వేస్తే చాలావరకు సరిపోతుంది.

పాత చైను ఉంచాలా వద్దా అన్నది స్కేలు చెబుతుంది. చైనును సాగదీసి పట్టుకుని ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకుల తర్వాతి పిన్ను మధ్యకు కొలవండి. కొత్త చైను అయితే సుమారు 305 మిల్లీమీటర్లు ఉంటుంది. 308 దాటితే మార్చేయండి. సాగిన చైను కొత్త ఫ్రీవీలు పళ్ల మీద ఎక్కి జారుతుంది, నిలబడి తొక్కేటప్పుడు జారితే పడిపోతారు. చైను సైజు 1/2 × 1/8. జాయింటు క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిశకు ఉండాలి.

చైను బిగువు చూడడానికి క్రాంకును మెల్లగా ఒక చుట్టు తిప్పండి. చైన్ వీలు పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా ఉంటుంది. బాగా బిగువుగా ఉన్న చోట చైను మధ్యలో వేలు పెట్టి కదిపితే పైకీ కిందికీ కలిపి ఒక సెంటీమీటరు ఆడాలి.

చక్రాలు, పంచర్లు

స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి చూడండి. అన్నీ దాదాపు ఒకే బిగువులో ఉండాలి. వదులుగా ఉన్నవి ముందు బిగించి, ఆ తర్వాతే బెండు తీయాలి. ఫ్రేముకు ఒక పెన్సిలు కట్టి, దాని మొన రిమ్ముకు దగ్గరగా పెట్టి చక్రం తిప్పితే వంకర ఎక్కడుందో తెలుస్తుంది. రిమ్ము ఎడమకు పోతున్న చోట ఎడమ స్పోకుల నిపుల్స్ (రిమ్ము దగ్గర స్పోకు కొసకు ఉండే చిన్న నట్లు) పావు చుట్టు వదులు చేసి, కుడివి పావు చుట్టు బిగించండి. ఒకేసారి అర చుట్టు తిప్పితే వంకర పక్కకు జరుగుతుందే తప్ప పోదు. స్టీలు రిమ్ముకు రెండు మిల్లీమీటర్ల ఊపు మిగిలినా నడిచిపోతుంది.

మన రోడ్ల పక్కన పంచర్లు పల్లేరు కాయలవల్లా, సర్కారు తుమ్మ ముళ్లవల్లా ఎక్కువ. వీటికి విరుగుడు మందమైన టైరు, చాలినంత గాలి. పంచరు టైరు వైపు కాకుండా రిమ్ము వైపు పడిందంటే తప్పు ముల్లుది కాదు, స్పోకు కొసది. నిపుల్ దాటి పైకి వచ్చిన కొసలన్నీ ఆకురాయితో చదును చేసి, రిమ్ము చుట్టూ గుడ్డ టేపు వేయండి. రబ్బరు టేపు ఎండకు సాగి పక్కకు జరిగిపోతుంది.

గాలి ముందు 45, వెనక 55 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దగ్గరగా ఉండాలి. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ అంకె ఎప్పుడూ దాటొద్దు. పాత రకం వాల్వు మీద మామూలు గేజి సరైన అంకె చూపదు, అందుకని గేజి ఉన్న నేల పంపు కొనుక్కుంటే మంచిది. వాల్వు రబ్బరు గొట్టం ఏడాదికోసారి మార్చండి. పంచరు లేకపోయినా తెల్లారేసరికి గాలి దిగిపోతోందంటే చాలాసార్లు దోషం దానిదే.

బ్రేకులు

ఈ బండికి అసలైన లోపం ఇక్కడే ఉంది, దాన్ని దాచడంలో అర్థం లేదు. రాడ్డు బ్రేకులు స్టీలు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి. పొడి రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగానికి చాలు. వానలో తడిసిన స్టీలు మీద రబ్బరు జారుతుంది, ఆగే దూరం రెట్లలో పెరుగుతుంది. రద్దీలో రోజూ తిరిగే బండికి కనీసం ముందు బ్రేకయినా మార్చాలి.

ముందు చక్రం హబ్బుకు సాధారణంగా 32 చిల్లులు ఉంటాయి. అదే హబ్బును ఉంచుకుని, దానికి 32 చిల్లుల 700సీ సైజు డబుల్ వాల్ (రెండు పొరల) అల్లాయ్ రిమ్ము కట్టించండి. ఇరుసు మారదు, ఫోర్కు వెడల్పుతో గొడవ లేదు. పాత స్పోకులు మాత్రం పనికిరావు. 700సీ రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు, పాతదానిది 635. పాత స్పోకులే వేస్తే నిపుల్ దాటి పొడుచుకొచ్చి ట్యూబును చీరేస్తాయి. చక్రం కట్టే మనిషికి హబ్బూ రిమ్మూ రెండూ ఇచ్చి పొడవు కొలిపించి తీసుకోండి. 700×38 టైరు వేస్తే ముందు భాగం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే కిందికి దిగుతుంది, నడకలో తేడా తెలియదు. రిమ్ము వాల్వు చిల్లు సన్నదో వెడల్పుదో చూసి దానికి తగ్గ ట్యూబు కొనండి.

ఇక బ్రేకు. ఫోర్కు పై దిమ్మకు మడ్‌గార్డు బోల్టు పోయే చిల్లు ముందు నుంచి వెనక్కి ఉంటే, లాంగ్ రీచ్ క్యాలిపర్ బ్రేకు (పొడవాటి చేతులతో రిమ్మును రెండు పక్కలా పట్టేది) అక్కడే కూర్చుంటుంది, మడ్‌గార్డు కూడా అదే బోల్టుకు. కొత్త చక్రం పెట్టి, చిల్లు మధ్య నుంచి రిమ్ము పక్క గోడ మధ్యకు మిల్లీమీటర్లలో కొలిచి, ఆ అంకె రాసుకుని షాపుకు వెళ్లండి. క్యాలిపర్ చేయి ఆ దూరం అందుకోవాలి. కంటి అంచనాతో కొంటే రబ్బరు టైరుకు తగులుతుంది, కొన్ని రోజుల్లో టైరు పక్క కోసుకుపోతుంది.

చిల్లు లేకపోతే మీరు డ్రిల్లు పట్టుకోవద్దు. అక్కడ లోహం తగ్గితే ఫోర్కు బలం తగ్గుతుంది. చిల్లు ఉన్న ఫోర్కు వేరే కొనండి. హ్యాండిల్ కాడ దూరే గొట్టం పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. మరలు అంగుళానికి 24, 26 అని రెండు రకాలున్నాయి కాబట్టి మీ పాత నట్టునే కొత్త ఫోర్కు మీద చేత్తో ఎక్కించి చూసి తీసుకోండి. సాఫీగా చివరిదాకా దిగితేనే అది మీది.

కుడి వైపు రాడ్డు లివరు తీసేసి మామూలు వైరు లివరు బిగించండి. బిగించాక లివరును పది సార్లు గట్టిగా లాగి, సాగిన వైరును మళ్లీ బిగించాలి. రబ్బరు ముందు అంచు రిమ్ముకు ముందుగా తగిలి, వెనక అంచు దగ్గర ఒక మిల్లీమీటరు సందు ఉండేలా వాల్చి పెడితే కీచుమనదు.

వెనక రాడ్డు బ్రేకు అలాగే ఉండనివ్వండి. రెండు రబ్బర్లూ రిమ్ముకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, ఒకేసారి తగిలేలా రాడ్డు పట్టీల నట్టులతో సర్దండి. వానలో బ్రేకు అవసరం పడకముందే ఒకసారి తేలిగ్గా నొక్కి నీళ్లు తుడిచేయడం అలవాటు చేసుకోవాలి. బ్యాటరీ మోటారు కిట్టు పెట్టించుకునే ఆలోచన ఉంటే ఈ బండికి మాత్రం వద్దు. వెనక బ్రేకు ఆ వేగానికి చేసింది కాదు.

సీటు ఎత్తు

రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు కిందికి దించుకోవడం మన దగ్గర ఉన్న పెద్ద పొరపాటు. మోకాలు ఎప్పుడూ మడతలోనే ఉండి నొప్పి పుడుతుంది, తొడల బలం సగం వృథా అవుతుంది. గోడ పట్టుకుని సీటెక్కి, పెడలు అన్నిటికన్నా కిందున్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు పూర్తిగా నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతారు కాబట్టి మోకాలు కొద్దిగా మడతతో సరిగ్గా ఉంటుంది. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి, అది వారంలో అలవాటవుతుంది. సీటు పిల్లరు గొట్టంలో కనీసం ఆరున్నర సెంటీమీటర్లు లోపల ఉండాలి, హ్యాండిల్ కాడా అంతే.

క్యారియరు, లైట్లు

ఆఫీసు బ్యాగు వీపుకు వేసుకుంటే మన ఎండల్లో చొక్కా తడిసి ముద్దవుతుంది. హ్యాండిల్‌కు తగిలిస్తే మలుపులో బండి లాగేస్తుంది. క్యారియరుకు పక్కగా వేలాడే సంచీయే సరైనది. తగిలించి చూసి, తొక్కేటప్పుడు మడమ దానికి కొట్టుకోకుండా వెనక్కి జరపండి. సంచీ అడుగు భాగాన్ని కూడా క్యారియరు కడ్డీకి కట్టాలి, లేకపోతే గుంతలో ఎగిరి స్పోకుల్లో పడుతుంది.

మడ్‌గార్డు చివర నేలకు ఒక జానెడు ఎత్తులో ఉండేలా రబ్బరు పట్టీ బిగిస్తే బూట్లకూ చైనుకూ బురద అంటదు. డైనమో టైరును రాసుకుంటూ తొక్కుడు బరువు చేస్తుంది, బండి ఆగితే లైటు ఆరిపోతుంది. చార్జింగు ఎల్ఈడీలే మేలు. వెనక ఎర్ర లైటు ముందుదానికన్నా ముఖ్యం, దాన్ని సంచీ కప్పేయని చోట బిగించండి.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత

కొత్తగా బిగించినవన్నీ ఈలోపు ఒకసారి సర్దుకుంటాయి. కాటర్లు, క్యాలిపర్ బోల్టు, ఇరుసు నట్లు, హ్యాండిల్ కాడ బోల్టు, క్యారియరు స్క్రూలు మళ్లీ బిగించండి. కొత్తగా కట్టిన ముందు చక్రం స్పోకులు కొన్ని తప్పకుండా వదులవుతాయి, బెండు మళ్లీ తీయించాలి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కీ తోస్తే హ్యాండిల్ దగ్గర కటకట ఆడితే పై కప్పు ఇంకొంచెం బిగించాలి. హ్యాండిల్ సాఫీగా తిరగకుండా పట్టేస్తుంటే ఎక్కువ బిగించినట్టు.

ఆ తర్వాత వారానికోసారి గాలి చూసుకోవడం, పదిహేను రోజులకోసారి చైను తుడిచి ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయడం చాలు. పైన తడిగా ఉన్న నూనె దుమ్మును పట్టి ఆకురాయిలా చైనును అరగదీస్తుంది. వానాకాలం అయిపోయాక బేరింగులు ఒకసారి విప్పి గ్రీజు మార్చండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇంకో రెండు పనులున్నాయి. ఫ్రేము గొట్టాల్లోకి సీటు పిల్లరు సందు నుంచి కొంచెం నూనె పోసి బండిని అటూ ఇటూ వంచి లోపలంతా పారేలా చేయండి. ఆరు నెలలకోసారి సీటు పిల్లరు, హ్యాండిల్ కాడ బయటికి లాగి గ్రీజు రాసి పెట్టండి. అలా రాయకపోతే తుప్పుతో గొట్టానికి అతుక్కుపోయి, సీటు ఎత్తు మార్చాల్సిన రోజున కదలవు.